మాట పడ్డవాడి తీర్పు

భిలాయిలో నెహ్రూ నగర్ చౌక్ దగ్గర జీఈ రోడ్డు మీద కాసేపు నిలబడితే అరడజను భాషలు చెవిన పడతాయి. ఇక్కడ ఉక్కు కర్మాగారం కట్టడానికి 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరిలో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఉక్కు కర్మాగారంలో పని వెతుక్కుంటూ వచ్చిన తెలుగువాళ్లు, మలయాళీలు, పంజాబీలు, బెంగాలీలు, బిహారీలు, ఒడియాలు ఇక్కడే ఇళ్లు కట్టుకున్నారు, ఇక్కడే పిల్లల పెళ్లిళ్లు చేశారు. అందరినీ కలిపింది హిందీ. ఒకరినొకరు వేరు చేసి చూపించే పేర్లు స్థిరపడిందీ ఆ హిందీలోనే. దక్షిణాది నుంచి వచ్చినవాడు ఏ భాష మాట్లాడినా ‘మద్రాసీ’. బయటి నుంచి వచ్చినవాళ్లంతా ఈ నేల మీద పుట్టిన ఛత్తీస్‌గఢీ మనిషికి ‘పరదేశియా’. ఆ ఛత్తీస్‌గఢీ మనిషి టౌన్‌షిప్ నోట ‘దెహాతీ’, కోపం వస్తే ‘జంగ్లీ’. ఈ మాటల్లో ఏది పిలుపు, ఏది అవమానం? పేచీ వచ్చిన ప్రతిసారీ అన్నవాడు ‘అందులో ఏముంది, అందరూ అనేదే కదా’ అంటాడు. పడ్డవాడు ‘నీకేం తెలుసు’ అంటాడు. మధ్యలో ఉన్నవాళ్లు నిఘంటువు తీస్తారు, లేదా చట్టం పేరెత్తుతారు. మనిషి పుట్టుకను, రంగును, జాతిని పట్టి పిలిచే మాట అవమానకరమైనదా కాదా అని తేల్చే అధికారం వీళ్లలో ఎవరిదన్నదే ఈ వ్యాసం పట్టించుకునే ప్రశ్న.

తెలుగు నుడికారం ఈ ప్రశ్నకు సగం జవాబు ఎప్పుడో చెప్పేసింది. మనం ‘మాట అన్నాడు’ అంటాం, ‘మాట పడ్డాను’ అంటాం. దెబ్బ పడినట్టే మాటా పడుతుంది. దెబ్బ తగిలినప్పుడు నొప్పి ఉందో లేదో తగిలినవాడినే అడుగుతాం, కొట్టినవాడిని అడగం. గాయం లోతు ఎంతో, అది పాత గాయం మీద పడిందో కాదో వైద్యుడు చూస్తాడు. శిక్ష ఎంతో న్యాయమూర్తి చెబుతాడు. కొట్టినవాడు చెప్పగలిగింది ఒక్కటే: ఎందుకు కొట్టాడో. మాట విషయంలో మాత్రం ఈ వరుసంతా తలకిందులవుతోంది. అన్నవాడి ఉద్దేశాన్ని ముందు అడిగి, అది మంచిదని తేలగానే నొప్పి లేనట్టే తేల్చేస్తున్నాం. ఈ వరుసను సరిచేసుకుంటే వివాదంలో చాలా భాగం విడిపోతుందని నా వాదన. ఇది ఎవరికో చెప్పే నీతి కాదు. తెలుగువాళ్లు ప్రపంచంలో ఎన్నో చోట్ల మాట పడ్డారు, ఎన్నో చోట్ల మాట అన్నారు. రెండు వైపులా నిలబడ్డ జనం కనుక ఈ కొలత మనకే బాగా తెలియాలి.

తెలుగు నేలకు దగ్గరి ఉదాహరణతో మొదలుపెడదాం. 2020 మేలో అమెరికాలోని మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్‌ను పోలీసు చంపాక ప్రపంచమంతా వర్ణవివక్ష గురించి మాట్లాడుతున్న రోజులవి. జూన్‌లో వెస్టిండీస్ మాజీ కెప్టెన్ డారెన్ సామీ ఒక సంగతి బయటపెట్టారు. ఐపీఎల్‌లో సన్‌రైజర్స్ హైదరాబాద్‌కు ఆడిన రోజుల్లో తననూ, శ్రీలంక ఆటగాడు తిసారా పెరీరానూ జట్టులో కొందరు ‘కాలూ’ అని పిలిచేవారని, అది బలమైనవాడనే అర్థంలో పిలుపనుకున్నానని ఆయన చెప్పారు. అమెరికా హాస్యనటుడు హసన్ మిన్హాజ్ టీవీ కార్యక్రమం చూశాకే అసలు అర్థం తెలిసిందట. అప్పటి సహ ఆటగాడి పాత ఇన్‌స్టాగ్రామ్ పోస్టులో ఆ మాట అలాగే కనిపించడంతో కాదనే వీలు లేకపోయింది. కొద్ది రోజులకు, ఒక ఆటగాడు తనతో మాట్లాడాడని, అది ప్రేమతో అన్న మాటేనని నమ్ముతున్నానని సామీయే ప్రకటించి వ్యవహారం ముగించారు. ఇక్కడ జాగ్రత్తగా గమనించాల్సింది ఒకటుంది. పిలిచినవాళ్ల మనసులో ద్వేషం లేదన్నది నిజమే కావచ్చు. సామీ ఆ రోజుల్లో నవ్వుతూ పలికిన మాటా నిజమే. అయినా అర్థం తెలిసిన రోజున ఆయనకు కోపం వచ్చింది. ఆ కోపం తప్పని చెప్పే అర్హత అన్నవాళ్లకు లేదు. చివరికి క్షమించిందీ ఆయనే. ఉద్దేశం మంచిదని ఆయన ఒప్పుకోవడంతో మనుషుల మీద కోపం పోయింది, మాట మాత్రం మంచిదైపోలేదు. ఆ తర్వాత ఏ విదేశీ ఆటగాడినైనా అదే మాటతో పిలవవచ్చని ఎవరూ అనుకోలేదు.

ఏడు నెలలు తిరిగేసరికి హైదరాబాద్ అటువైపు నిలబడాల్సి వచ్చింది. 2021 జనవరిలో సిడ్నీ టెస్టులో బౌండరీ దగ్గర ఫీల్డింగ్ చేస్తున్న మన హైదరాబాదీ మహమ్మద్ సిరాజ్ ప్రేక్షకుల్లోంచి వస్తున్న దూషణల గురించి అంపైర్లకు చెప్పారు. ఆట కొన్ని నిమిషాలు ఆగింది. ఆరుగురిని స్టేడియం నుంచి బయటకు పంపారు. తర్వాత విచారణలో క్రికెట్ ఆస్ట్రేలియా రెండు సంగతులు చెప్పింది: భారత ఆటగాళ్ల మీద జాతి దూషణ జరిగిన మాట నిజం; బయటకు పంపిన ఆ ఆరుగురు ఆ పని చేసినవాళ్లు కారు. ఈ రెండు వాక్యాలూ పక్కపక్కనే నిలబడగలగడం నాకు ఎంతో విలువైనదిగా కనిపిస్తుంది. సిరాజ్ చెవిని నమ్మడానికి ఎవరినో ఒకరిని దోషిగా నిలబెట్టనక్కర లేదు. నిందితుడి విషయంలో రుజువు అడగడం కోసం సిరాజ్ చెవిని అబద్ధం చేయనక్కరా లేదు. అవమానం జరిగిందా అన్నది ఒక ప్రశ్న. ఎవరు చేశారు, ఏ శిక్ష తగును అన్నది వేరే ప్రశ్న. అదే సిడ్నీలో 2008లో భారత ఆటగాడు హర్భజన్ సింగ్ ‘మంకీ’ అన్నాడని, నల్లజాతి మూలాలున్న ఆస్ట్రేలియా ఆటగాడు ఆండ్రూ సైమండ్స్ విషయంలో నడిచిన వివాదంలో ఈ రెండింటినీ కలగలిపేశారు. మ్యాచ్ రెఫరీ హర్భజన్‌కు మూడు టెస్టుల నిషేధం వేస్తే, అప్పీలులో న్యూజిలాండ్ న్యాయమూర్తి జాన్ హాన్సెన్ జాతి దూషణ రుజువు కాలేదని నిషేధం ఎత్తివేసి, దుర్భాషకు జరిమానాతో సరిపెట్టారు. రుజువు కాకపోవడం న్యాయస్థానం భాష. కానీ మన దేశంలో చాలామంది ఇంకో అడుగు వేసి, కోతిని హనుమంతుడిగా పూజించే దేశంలో ఆ మాట అవమానం ఎలా అవుతుందన్నారు. ఆ వాదన సరికాదు. నల్లజాతివారిని కోతులతో పోల్చి హీనపరిచిన చరిత్ర శతాబ్దాలది. సైమండ్స్ చెవి విన్నది ఆ చరిత్రను. మన పూజ గది ఆ చరిత్రను మార్చదు.

ఉద్దేశం కాక చెవి ముఖ్యమంటే, ప్రతివాడూ ప్రతి మాటకూ నొచ్చుకున్నానంటే ఏం చేస్తామన్నది మొదటి అభ్యంతరం. ఇది తేలిగ్గా తీసిపారేయాల్సింది కాదు. బ్రిటన్‌లో నల్లజాతి యువకుడు స్టీఫెన్ లారెన్స్ హత్య మీద 1999లో వచ్చిన మాక్‌ఫర్సన్ నివేదిక, బాధితుడుగానీ మరొకరుగానీ జాత్యహంకార ఘటన అని భావిస్తే పోలీసులు దాన్ని అలాగే నమోదు చేయాలంది. అది దర్యాప్తు మొదలుపెట్టడానికి కొలతే గాని నేరం తేల్చే కొలత కాదు. తేల్చే కొలత కావాలంటే దక్షిణాఫ్రికా వైపు చూడాలి. రుస్టెన్‌బర్గ్ ప్లాటినం గనిలో బెస్టర్ అనే తెల్ల ఉద్యోగి, తన బండి పక్కన పెట్టిన ఒక నల్ల ఉద్యోగి బండిని ఉద్దేశించి ‘ఆ నల్లమనిషి’ బండి తీయించండి అన్నందుకు ఉద్యోగం పోగొట్టుకున్నాడు. మనిషిని గుర్తించడానికే అన్నాడని లేబర్ అప్పీల్ కోర్టు అతని పక్షం తీసుకుంది. 2018లో రాజ్యాంగ న్యాయస్థానం దాన్ని తిరగదోసింది. ‘నల్ల’ అనే విశేషణం దానంతటది తటస్థమని ముందే అనుకోవడమే తప్పని, ఆ దేశం దాటి వచ్చిన చరిత్ర తెలిసిన, నిష్పక్షపాతి అయిన సాధారణ మనిషి ఆ సందర్భంలో ఆ మాటను ఎలా వింటాడో చూడాలని చెప్పింది. మాట పడ్డవాడి చెవితో విచారణ మొదలవుతుంది. చరిత్ర తెలిసిన మూడో మనిషి దాన్ని సరిచూస్తాడు. అకారణంగా నొచ్చుకున్నవాడి ఫిర్యాదు ఆ రెండో మెట్టు దగ్గర ఆగిపోతుంది. అన్నవాడి అమాయకత్వం మాత్రం మొదటి మెట్టునే మూసేయలేదు.

మన సుప్రీంకోర్టు ఇంచుమించు ఇదే దారిని పదేళ్ల ముందే తొక్కింది. 2008లో స్వరణ్ సింగ్ కేసులో ‘చమార్’ అనే మాట గురించి వాదన వచ్చింది. అది ఒక కులం పేరు, తోలుపనిని చెప్పే వృత్తివాచకం, అందులో తిట్టు లేదన్నది ఒక వైపు మాట. మాట పుట్టుపూర్వోత్తరాలు కాదు, ఇవాళ జనం దాన్ని ఏ అర్థంలో వాడుతున్నారో చూడాలని ధర్మాసనం చెప్పింది. అవమానించే ఉద్దేశంతో అలా పిలవడం 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరమేనంది. ఉద్దేశం ఇక్కడ మళ్లీ వచ్చింది, కానీ తన చోట వచ్చింది: శిక్ష దగ్గర. ఈ తీర్పు ఛత్తీస్‌గఢ్‌లో ఉన్నవాళ్లకు ప్రత్యేకంగా అర్థమవుతుంది. గురు ఘాసీదాస్ మార్గాన్ని నమ్మిన ఇక్కడి జనం తమను ఆ పాత పేరుతో రాయవద్దని, ‘సత్నామీ’ అని రాయమని 1920ల్లోనే ప్రభుత్వాన్ని అడిగారు.

రెండో అభ్యంతరం పండితులది: మాటకు మూలార్థం ఉంటుంది, అది చెడ్డది కానప్పుడు మాటను ఎందుకు నిందించాలి? తెలుగువాళ్ల వలసల చరిత్ర దీనికి ఇచ్చినంత మంచి జవాబు మరొకటి లేదు. ‘కూలి’ మన మాట, చేసిన పనికి దక్కే ప్రతిఫలం. ఉపాధి హామీ కూలీ అని, వ్యవసాయ కూలీ అని పత్రికలు రోజూ రాస్తాయి, ఎవరూ తలెత్తి చూడరు. 1860లో మద్రాసు నుంచి ట్రూరో ఓడలో నేటాల్ చేరిన తొలి ఒప్పంద కార్మికుల్లో, ఆ తర్వాత వచ్చిన ఓడల్లో తెలుగువాళ్లూ ఉన్నారు. అక్కడ తెల్లవాళ్ల నోట ఆ మాట పనిని వదిలి మనిషికి అంటుకుంది, మనిషిని వదిలి జాతికి అంటుకుంది. బారిస్టర్ చదివిన గాంధీ కూడా అక్కడ ‘కూలీ బారిస్టరే’. ఇవాళ దక్షిణాఫ్రికాలో భారతీయ సంతతివారికి అది తిట్టు. మారిషస్‌లో కూలీలు దిగిన రేవును ఒకప్పుడు ‘కూలీ ఘాట్’ అనేవారు. ఇప్పుడది ‘ఆప్రవాసీ ఘాట్’, 2006లో ప్రపంచ వారసత్వ స్థలమైంది. ‘కూలి’లో అక్షరం మారలేదు, మూలార్థమూ మారలేదు. పిలిచినవాడికీ పిలిపించుకున్నవాడికీ మధ్య ఉన్న ఎత్తుపల్లం మారింది, దాంతో మాటే మారింది.

‘కెళింగ్’ కథ ఇంకా విచిత్రం. కళింగం నుంచి వచ్చిన ఈ మాట మలయ్ భాషలో శతాబ్దాలు గౌరవంగానే బతికింది. పెనాంగ్‌లోని కపితాన్ కెళింగ్ మసీదు పేరులో ఇప్పటికీ ఉంది. వలస పాలన కింద రబ్బరు తోటల్లో పనికి తమిళ, తెలుగు కార్మికులు వేలాదిగా వచ్చాక అదే మాట ఈసడింపైంది. 2003లో మలేషియాలో కొన్ని భారతీయ సంఘాలు, జాతీయ భాషా సంస్థ ప్రచురించిన నిఘంటువులో ఆ మాట ఉండటం మీద కోర్టుకెక్కాయి. మాజీ ప్రధాని మహాథిర్ మొహమ్మద్ ఒక సభలో ఆ మాట వాడి, విమర్శలు వచ్చాక క్షమాపణ చెప్పారు. తాను పెరిగిన కెడాలో అది తిట్టు కాదని కూడా అన్నారు. ఆయన చెప్పింది అబద్ధం కాకపోవచ్చు. ఆయన బాల్యంలోని స్నేహితులకు అది పేరు మాత్రమే అయివుండవచ్చు. కానీ మాట ఎవరి బాల్యంలోనూ ఆగిపోదు. నిఘంటువు నుంచి మాటను తీసేయాలన్న డిమాండ్‌తో మాత్రం నేను ఏకీభవించను. నిఘంటువు పని జరిగినది నమోదు చేయడం. తీసేస్తే అవమానం జరిగిన చరిత్రే చెరిగిపోతుంది. దాన్ని ఉంచి, ఫలానా కాలం నుంచి ఇది నింద అని పక్కన రాయడమే నిఘంటుకారుడి ధర్మం.

కోరంగి రేవు నుంచి రంగూన్ వెళ్లిన తెలుగువాళ్లను అక్కడ ‘కోరంగీలు’ అన్నారు. ఊరి పేరే కదా. భారతీయులందరినీ కలిపి బర్మీయులు ‘కలా’ అన్నారు. దాని మూలం మీద పండితులకు ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు. 1930లో రంగూన్ రేవు కార్మికుల సమ్మె విరమణ రోజున తెలుగు కూలీలకూ బర్మీయులకూ మధ్య మొదలైన గొడవ ఊచకోతగా మారినప్పుడు, గుంపులు ఆ మాటల మూలార్థం వెతకలేదు. ఇవాళ రోహింగ్యాల మీద అదే ‘కలా’ ఆయుధంగా దిగుతోంది. ఇంకా వెనక్కి వెళితే మన భాషనే యూరోపియన్లు ‘జెంటూ’ అన్నారు. అన్యమతస్థుడనే పోర్చుగీసు మాట నుంచి వచ్చిన పేరది. 1816లో క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణం అచ్చువేసినప్పుడు కూడా, సాధారణంగా జెంటూ అని పిలిచే భాష అని శీర్షికలోనే చెప్పుకోవాల్సి వచ్చింది. ఉత్తరాదిన కంపెనీ సిపాయిలకు ‘తిలంగా’ అన్న పేరు మన తెలంగ శబ్దం నుంచి వచ్చిందే. 1857లో ఢిల్లీవాసులు తిరుగుబాటు సిపాయిలను, వాళ్లు తెలుగువాళ్లు కాకపోయినా, తిలంగాలన్నారు. ‘మద్రాసీ’ వీటి తర్వాతి తరం మాట. 1953లో ఆంధ్ర రాష్ట్రం విడిపోయింది. 1969లో మద్రాసు రాష్ట్రం పేరే తమిళనాడు అయింది. ఆ మాట ఆధారపడ్డ పటం లేకుండాపోయినా మాట పోలేదు. అది ఎప్పుడూ పటం గురించినది కాదు కనుక. 1966లో పుట్టిన శివసేన ముంబైలో దక్షిణాది ఉద్యోగుల మీద ‘యండుగుండు’ అని, లుంగీవాలా అని నడిపిన ప్రచారం విన్నవాడికి ‘మద్రాసీ’లోని ఈసడింపు ఎక్కడిదో ఎవరూ విప్పి చెప్పనక్కర లేదు.

ఇక అన్నింటికన్నా గట్టి అభ్యంతరం: మాట పడ్డవాళ్లంటే ఎవరు? ఒక సముదాయంలో అందరూ ఒకేలా వినరు కదా. అమెరికాలో వాషింగ్టన్ ఫుట్‌బాల్ జట్టు ‘రెడ్‌స్కిన్స్’ పేరు మీద దశాబ్దాల పోరాటం నడిచింది. 2016లో వాషింగ్టన్ పోస్ట్ పత్రిక సర్వేలో మూలవాసులు పదిమందిలో తొమ్మిదిమంది తమకు బాధ లేదన్నారు. నాలుగేళ్లకు విశ్వవిద్యాలయ పరిశోధకులు వేరే విధంగా అడిగితే దాదాపు సగం మంది బాధ ఉందన్నారు. చివరికి 2020 జులైలో పేరు మారింది. మార్పించింది సర్వే కాదు, కోర్టూ కాదు, డబ్బులిచ్చే కంపెనీల ఒత్తిడి. నాకది న్యాయమైన ఫలితమే గాని న్యాయమైన దారిగా కనిపించదు. తలలు లెక్కపెట్టి తేల్చేది కాదిది. వందమందిలో సగం మందికి తగిలే రాయిని, మిగతా సగానికి తగల్లేదు కదా అని విసురుతూ ఉండం. ఇలాంటి చీలిక మనలోనూ ఉంది. ఐఐటీల్లో, అమెరికా ప్రవాసంలో తెలుగువాళ్లను ‘గుల్టీ’ అనీ ‘గొల్టి’ అనీ అంటారు. తెలుగు అన్న పేరునే తిరగేసి చేసిన మాట అని చెబుతారు. కొందరు తెలుగు కుర్రాళ్లే తమలో తాము సరదాగా అనుకుంటారు. కొందరికి చెవిలో సీసం పోసినట్టుంటుంది. తమలో తాము అనుకోవడం బయటివాడికి అనుమతిపత్రం కాదు. అన్నదమ్ములు ‘ఒరేయ్’ అనుకుంటారని పొరుగువాడు అనలేడు.

సముదాయం తన పేరును తనే ఎలా తేల్చుకుంటుందో చూడటానికి మనం విదేశాలకు పోనక్కర లేదు. 1917 నవంబరులో బెజవాడలో ‘పంచమ’ మహాజనసభ అనే పేరుతో సమావేశం పెట్టారు. అధ్యక్షుడు హైదరాబాద్ నుంచి వచ్చిన భాగ్యరెడ్డి వర్మ. నాలుగు వర్ణాలకు అవతల ఐదోవాళ్లమని చెప్పే ఆ పేరు మనకెందుకు, ఈ నేల మీద మొదటి నుంచీ ఉన్నవాళ్లం మనం అన్న చర్చ లేచి, సభ ‘ఆది ఆంధ్ర’ సభగా మారింది. ఐదేళ్లకు, 1922లో, దళిత నాయకుడు ఎం.సి. రాజా తీర్మానం మీద మద్రాసు ప్రభుత్వం పంచమ, పరయ అన్న పేర్లు రికార్డుల్లో తీసి ఆది ద్రావిడ, ఆది ఆంధ్ర అని రాయడానికి ఒప్పుకుంది. వరుస గమనించండి: ముందు మాట పడ్డవాళ్లు కూర్చుని మాట్లాడుకున్నారు, తర్వాత రాజ్యం రాసుకుంది. ‘హరిజన’ విషయంలో వరుస తిరగబడింది. గాంధీ ప్రేమతోనే ఆ పేరు ప్రచారం చేశారు, దాన్ని శంకించనక్కర లేదు. కానీ అది పైనుంచి వచ్చిన పేరు. 1938లో బొంబాయి శాసనసభలో ఒక బిల్లులో ఆ మాట పెట్టినప్పుడు అంబేద్కర్, ఆయన పక్షం సభ్యులు సభ నుంచి బయటకు నడిచారు. కేంద్రం 1982లో కుల ధ్రువపత్రాల్లో ఆ మాట రాయవద్దని ఆదేశించేదాకా నలభై నాలుగేళ్లు పట్టింది. ‘దళిత’ అన్నది మళ్లీ కిందినుంచి వచ్చింది. తెలుగునాట 1985లో కారంచేడు మారణకాండ తర్వాత పుట్టిన దళిత మహాసభతో అది ఊరూరా పాకింది. దాన్నే 2018లో కేంద్ర సమాచార, ప్రసార శాఖ ఒక కోర్టు ఆదేశాన్ని చూపి ప్రైవేటు టీవీ చానళ్లు వాడవద్దని సూచించినప్పుడు దళిత సంఘాలే వ్యతిరేకించాయి. పడ్డవాళ్ల తరఫున అంటూ పడ్డవాళ్లను అడగకుండా రాజ్యం తేల్చడం కూడా, అన్నవాడు తేల్చడంలాంటిదే.

తిట్టును తిరిగి పేరుగా ఎత్తుకోవడం మరో దారి. 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన దండోరా ఉద్యమంలో మంద కృష్ణ తన పేరు పక్కన ‘మాదిగ’ అని చేర్చుకున్నారు. వేలమంది ఆయన వెంట నడిచారు. నోరు తెరిచి చెప్పడానికి సిగ్గుపడేలా చేసిన మాటను వేదిక మీద మైకులో చెప్పడంలో ఉన్న బలం ఏ ప్రభుత్వ ఉత్తర్వుకూ లేదు. అమెరికాలో ఆసియా సంతతి కుర్రాళ్ల సంగీత బృందం ‘ది స్లాంట్స్’ తమ కళ్లను ఎగతాళి చేసే మాటనే పేరుగా పెట్టుకుంది. అవమానకరమంటూ ట్రేడ్‌మార్క్ కార్యాలయం రిజిస్టర్ చేయనంటే, 2017లో సుప్రీంకోర్టు బృందం పక్షాన తీర్పిచ్చింది. అయితే మాదిగ అని మంద కృష్ణ అనడం వేరు, కరణంగారి అరుగు మీంచి అనడం వేరు. శబ్దం ఒకటే, దిశ వేరు. ఈ తేడాను అన్యాయం అనేవాళ్లు, నువ్వంటే తప్పు కానిది నేనంటే తప్పెలా అవుతుందని అడిగేవాళ్లు, మాట కింద ఉన్న నేలను చూడటం లేదు.

చట్టం మీద అతిగా ఆధారపడటం గురించి నాకూ భయాలున్నాయి. 2012లో కేంద్ర హోంశాఖ, ఈశాన్య రాష్ట్రాలవారిని ‘చింకీ’ అంటే ఎస్సీ, ఎస్టీ చట్టం కింద చర్య తీసుకోవచ్చని రాష్ట్రాలకు రాసింది. ఆ చట్టం షెడ్యూల్డ్ కులాలకూ తెగలకూ చెందినవారికే వర్తిస్తుంది. అదే మాట పడ్డ, ఆ జాబితాల్లో లేని మణిపుర్ మెయితేయి విద్యార్థికి అది అక్కరకు రాదు. 2014 జనవరిలో అరుణాచల్ యువకుడు నీడో తానియా ఢిల్లీ లజ్‌పత్ నగర్‌లో తన జుట్టు మీద వేసిన ఎగతాళితో మొదలైన గొడవలో దెబ్బలు తిని చనిపోయాడు. ఆ తర్వాత కేంద్రం వేసిన బెజ్‌బరువా కమిటీ జాతి దూషణకు శిక్షాస్మృతిలో ప్రత్యేక సెక్షన్లు కావాలంది. దక్షిణాఫ్రికాలో 2018లో వికీ మోంబర్గ్ అనే ఆమెకు, నల్లజాతి పోలీసుల మీద అక్కడి అత్యంత హీనమైన మాటను పదేపదే ప్రయోగించినందుకు జైలుశిక్ష పడింది. అలాంటి చోట శిక్ష ఉండాలి. కానీ నోరు జారిన ప్రతి మాటకూ పోలీసు స్టేషన్ మెట్లెక్కితే, బలం ఉన్నవాళ్లే ఆ మెట్లు ముందుగా ఎక్కుతారు. మాట పడ్డవాడి చెవికి తొలి గౌరవం ఇవ్వడమంటే అన్నవాడిని వెంటనే జైలుకు పంపడం కాదు. అతను మాట ఆపి వినడం, మళ్లీ అనకపోవడం. చాలా సందర్భాల్లో అడిగేది అంతే.

ఈ కొలతను మన ఇంటికి తెచ్చుకుందాం. భిలాయి తెలుగువాళ్లం ‘మద్రాసీ’ని భరించాం, ‘పరదేశియా’ కూడా మనకు నచ్చదు. రెండూ ఒకటేనా? కావని నా అభిప్రాయం. ‘పరదేశియా’ చెవికి గుచ్చుకుంటుందన్నది నిజమే, దాన్ని ఎవరూ కాదనలేరు. కానీ చరిత్ర తెలిసిన మూడో మనిషి చెవి ఇంకొకటీ వింటుంది: పొలాలు కర్మాగారానికి ఇచ్చి, పక్కా ఉద్యోగాలు బయటివాళ్లకు పోవడం చూసిన పల్లెల బాధ. గుంపు దాన్ని బెదిరింపుగా వాడిననాడు అది నేరమే. లేనప్పుడు అది కిందినుంచి పైకి విసిరిన మాట. ‘దెహాతీ’, ‘జంగ్లీ’ పైనుంచి కిందికి పడతాయి, అందుకే బరువుగా పడతాయి. ఆ బరువు ఎంతటిదంటే, 2000 నవంబరు 1న రాష్ట్రం ఏర్పడటానికి ముందూ తర్వాతా ‘ఛత్తీస్‌గఢియా సబ్‌లే బఢియా’ అని, అందరికన్నా మేమే మేలని, ఈ జనం నినాదం కట్టి చెప్పుకోవాల్సి వచ్చింది. తక్కువని వినీ వినీ విసిగినవాళ్లకే అలాంటి నినాదం అవసరమవుతుంది. ఇక మన భాషలో మనం తెచ్చుకున్న మూట వేరే ఉంది. దొమ్మర, పిచ్చిగుంట్ల, బుడబుక్కల వంటి కులాల పేర్లను తిట్లుగా వాడటం తెలుగిళ్లలో ఇప్పటికీ తప్పుగా తోచదు. ఆ పేర్లు మార్చాలని ఆ కులాలవాళ్లే అడుగుతుంటే, 2025లో తెలంగాణ బీసీ కమిషన్ ప్రజల అభిప్రాయాలు కోరింది. పిచ్చిగుంట్లవారు తమను వంశరాజ్ అనమంటున్నారు. అలా అనడానికి మనకు కమిషన్ నివేదిక అక్కర లేదు.

నెహ్రూ నగర్‌లో, సెక్టార్లలో, సుపేలాలో ఉన్న తెలుగు కుటుంబాలకు నా మనవి ఒక్కటే. ‘మద్రాసీ’ అన్నవాడు ‘అందులో ఏముంది’ అన్నప్పుడు మీరు ఒప్పుకోలేదు. మీ ఇంటి పనికి పల్లె నుంచి వచ్చే ఛత్తీస్‌గఢీ ఆమెను, మీ గేటు దగ్గర కూర్చునే కాపలా మనిషిని ఏ మాట వినకూడదనుకుంటున్నారో అడగండి. వాళ్లు చెప్పిన మాటను ఈ రోజు నుంచే ఇంట్లో మానేయండి. పిల్లల ముందు ముఖ్యంగా.